ఎక్కడం కంటే ముందు దిగడం: పోల్ డ్యాన్స్‌లో కొత్తగా చేరిన ఒక విద్యార్థినితో 12 వారాలు

వయసు 34. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, రోజులో ఎక్కువ భాగం కుర్చీలోనే. ఎత్తు 158 సెం.మీ., బరువు 71 కిలోలు. నాలుగేళ్ల కిందట ఒక మామూలు కాన్పు. కాలేజీ దాటాక వ్యాయామం అంటూ ఏదీ లేదు. చిన్నప్పుడు రెండేళ్లు కూచిపూడి నేర్చుకుని మానేశారు. ఆమె అనుమతితోనే, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాం.

చేరడానికి వచ్చినప్పుడు ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. "నా బరువు నేను మోయగలనా మేడమ్?" అన్నది మొదటిది. "వీడియోలు ఎక్కడా పెట్టరు కదా?" అన్నది రెండోది. కొత్తగా వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఈ రెండు బెంగలతోనే వస్తారు. మొదటిదానికి వ్యాయామాలు, రెండోదానికి ధైర్యం చెప్పే మాటలు అని విడగొట్టి చూస్తే ఫలితం రాదు. పోల్ (నిలువుగా నిలిపిన లోహపు కడ్డీ) మీద భయం పుట్టేది బలం తక్కువై కాదు, పైన ఉండగా పట్టు జారితే ఏం చేయాలో తెలియక. అందుకే ఈ కేసులో ఎక్కడం కంటే ముందు దిగడం నేర్పాం. మిగతా ప్రణాళిక అంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

మొదటి రోజు పరీక్షలు

పోల్ ముట్టుకోకముందే అడగాల్సినవి కొన్ని ఉంటాయి. భుజం ఎప్పుడైనా జారిందా, మణికట్టు విరిగిందా, బీపీ ఉందా, తల తిరుగుతుందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, రక్తహీనత ఉందా, గర్భం వచ్చే అవకాశం ఉందా? ఈమెకు ఇవేవీ లేవు. కాన్పు అయినవాళ్లను ఇంకో రెండు విషయాలు అడగాలి. వెల్లకిలా పడుకుని తల కొద్దిగా ఎత్తితే పొట్ట మధ్యగీత వెంట గుబ్బలా పైకి లేస్తోందా? ఎగిరినా దగ్గినా మూత్రం చుక్కలు పడుతున్నాయా? రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాలి. ఆ కండరాలు సిద్ధం కాకుండా పొట్ట మీద భారం వేసే మూవ్‌లు చేయిస్తే ఉన్న సమస్య ముదురుతుంది. ఈమెకు రెండూ లేవు.

తర్వాత బలం చూశాం. అడ్డ కడ్డీకి ఊరికే వేలాడితే 13 సెకన్లు నిలిచారు. అదే కడ్డీకి భుజాలను చెవులకు దూరంగా కిందికి లాగి పెట్టి వేలాడమంటే 4 సెకన్లు. ఈ తేడాలోనే అసలు సంగతి ఉంది. వేళ్ల పట్టు బాగానే ఉంది, భుజం రెక్కలను కిందికి లాగి పట్టే కండరాలే నిద్రపోతున్నాయి. "నా చేతుల్లో బలం లేదు" అనేవాళ్లలో చాలామందికి లోపం చేతుల్లో కాదు, వీపులో ఉంటుంది. గోడకు వీపు ఆనించి, పక్కటెముకలు ముందుకు పొంగకుండా చేతులు పైకెత్తమంటే బొటనవేళ్లు గోడకు బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. ఇది కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చిన బిగువు. పోల్‌లో పై చేయి ఎప్పుడూ తలపైనే ఉంటుంది. భుజం తెరుచుకోకపోతే నడుము విల్లులా వంగి, ఆ భారం భుజం ముందు భాగం మీద పడుతుంది. టేబుల్ అంచు మీద పుషప్‌లు 9 తీశారు. మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపే ప్లాంక్ 22 సెకన్లు పట్టారు, ఆ తర్వాత నడుము కిందికి జారింది. మోకాళ్ల మధ్య దిండు పెట్టి నొక్కమంటే 15 సెకన్లకే తొడలు వణికాయి.

ధైర్యాన్ని కూడా అంకెల్లోనే రాసుకున్నాం. నాలుగు వాక్యాలు ఇచ్చి, ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు మార్కు వేసుకోమన్నాం. అద్దంలో చూసుకుంటూ కదలగలను: 2. షార్ట్స్‌లో క్లాసులో నిలబడగలను: 1. నా బరువు నా చేతులు మోస్తాయి: 1. పైన ఉండగా పట్టు జారితే ఏం చేయాలో నాకు తెలుసు: 0. ఆ సున్నాను ముందు కదిలించాలని నిర్ణయించుకున్నాం. ఎందుకంటే మిగతా మూడు ఎవరెంత చెప్పినా మెల్లగానే మారతాయి. ఇది మాత్రం నేర్పితే వచ్చే పని.

గది, కడ్డీ, చర్మం

వాడింది 45 మి.మీ. మందం ఉన్న క్రోమ్ పోల్. పోటీల్లోనూ స్టూడియోల్లోనూ ఎక్కువగా కనిపించే కొలత ఇదే. పాత స్టూడియోల్లో 50 మి.మీ.వి ఉంటాయి, చేతులు చిన్నవైతే వేళ్లు పూర్తిగా చుట్టుకోవు. పోల్‌ను తిరగకుండా లాక్ చేసే స్టాటిక్ పద్ధతిలోనే మొదలుపెట్టాం. తిరిగే పోల్ మీద కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. పైగా వేగాన్ని ఆపే బలం ఇంకా ఉండదు.

ఇంట్లో పోల్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. పైకప్పుకూ నేలకూ మధ్య ఒత్తిడితో నిలిచే పోల్‌ను జిప్సం ఫాల్స్ సీలింగ్ కింద ఎట్టి పరిస్థితిలోనూ బిగించకూడదు. మన అపార్టుమెంట్లలో హాలు నిండా ఇప్పుడు అదే ఉంటోంది. పోల్ పై పళ్లెం కాంక్రీటు స్లాబుకో బీముకో నేరుగా ఆనాలి. బిగించాక నిట్టనిలువుగా ఉందో లేదో లెవెల్‌తో రెండు వైపులా చూడాలి. వాడే ప్రతిసారీ ముందు నేలమీద నిలబడి గట్టిగా ఊపి చూడాలి. చుట్టూ కనీసం ఒకటిన్నర మీటర్ల ఖాళీ, కింద 10 సెం.మీ.కు తగ్గని మందపాటి మ్యాట్ ఉండాలి. మ్యాట్ ఉంది కదా అని తలకిందుల మూవ్‌లు ఒంటరిగా చేయడం తప్పు. మ్యాట్ దెబ్బను తగ్గిస్తుంది, మెడను కాపాడుతుందన్న హామీ ఏమీ లేదు.

పట్టు జారడానికి ఈమె విషయంలో మొదటి కారణం నూనె. రాత్రి కాళ్లకు బాడీ లోషన్, ఆదివారం తలకు కొబ్బరి నూనె. సోమవారం క్లాసులో చేతులు ఆనిన చోటల్లా కడ్డీ మీద జిడ్డు చార కనిపించేది. క్లాసుకు ముందు రోజు రాత్రి నుంచి ఒంటికి ఏమీ రాయవద్దని, తలంటు ఉంటే క్లాసు అయ్యాక పెట్టుకోమని చెప్పాం. జడను గట్టిగా ముడివేసుకుని, దాన్ని ముట్టుకున్న చేత్తో పోల్ పట్టుకోకూడదు. కడ్డీని ప్రతి విద్యార్థినికీ మధ్య సర్జికల్ స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. మహారాష్ట్రలో పెరిగిన, 2013లో మధ్యప్రదేశ్ రాష్ట్ర క్రీడగా ప్రకటించిన మల్లఖంబ్‌లో (స్తంభం మీద విన్యాసాలు చేసే క్రీడ) ఆటగాళ్లు చెక్క స్తంభానికి ఆముదం పూస్తారు. అక్కడ చెక్కకూ ఒంటికీ మధ్య రాపిడి ఎక్కువై చర్మం లేచిపోకుండా చూడాలి. నున్నటి లోహం దగ్గర సమస్య దానికి పూర్తిగా తిరగబడుతుంది, ఇక్కడ ప్రతి చుక్క నూనే ఒక ప్రమాదం.

చెమట ఇంకో సంగతి. వానాకాలంలో అరచేతులు తడిసిపోయేవాళ్లకు లిక్విడ్ చాక్ (చేతికి రాసుకునే సుద్ద ద్రవం) పనిచేస్తుంది, బఠాణీ గింజంత చాలు, పూర్తిగా ఆరాకే పట్టుకోవాలి. ఏసీ గదిలో చర్మం ఎండిపోయి జారేవాళ్లకు చాక్ ఇస్తే ఇంకా జారుతుంది. వాళ్లకు జిగురునిచ్చే రకం కావాలి, లేదా ఒంటిని వేడెక్కించడమే చాలు. ఈమెది ఈ రెండో రకం. చాక్ ఆపేసి, ఏసీని 26 దగ్గర పెట్టి, చల్లటి కడ్డీని రెండు నిమిషాలు అరచేతులతో రుద్ది వేడి చేయగానే సగం జారుడు తగ్గింది. ఎవరికి ఏది పనికొస్తుందో చూడకుండా అందరికీ ఒకే డబ్బా అందించడం చాలా చోట్ల జరిగే పొరపాటు.

మెట్టెలు, ఉంగరాలు, గాజులు, గొలుసులు తీయాల్సిందే. ఉంగరం కడ్డీకీ వేలికీ మధ్య కండను నొక్కేస్తుంది. ఎక్కేటప్పుడు పట్టు నిలిచేది పాదం మీద కాబట్టి మెట్టె కడ్డీని గీకుతుంది, పక్క వేలిని కోస్తుంది. ఈ మాటను ఎవరి మనసూ నొచ్చుకోకుండా ముందుగానే, కారణంతో సహా చెప్పాలి. ఈమె నల్లపూసలు చిన్న సంచిలో పెట్టి బ్యాగులో దాచుకునేవారు. తీయడం ఇష్టంలేనివాళ్లను బలవంతం చేయం, కానీ మెడలో గొలుసు ఉండగా తలకిందుల మూవ్‌లు ఎవరికీ చేయించం.

బట్టల గురించి కూడా అంతే సూటిగా చెప్పాలి. లోహాన్ని పట్టేది చర్మం, బట్ట జారిపోతుంది. పోల్ క్లాసులో షార్ట్స్ వేసేది అందుకే. కానీ మొదటి రోజే షార్ట్స్ వేసుకోనక్కర్లేదు. నడకలు, కడ్డీ పట్టుకుని కిందికి వంగి లేచే డిప్‌లు, నేలమీది కదలికలు లెగ్గింగ్స్‌తో చేయొచ్చు. కడ్డీ చుట్టూ తిరిగే స్పిన్‌లకు మోకాళ్లు బయటికి ఉంటే చాలు. తొడల పట్టు కావాల్సిన పోల్ సిట్‌కు వచ్చినప్పుడే షార్ట్స్ అవసరం. ఈమె ఈ మూడు మెట్లూ ఎక్కడానికి ఏడు వారాలు తీసుకున్నారు, మేము తొందరపెట్టలేదు.

1 నుంచి 3 వారాలు: నేల దగ్గరే

వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంట, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. ఇంట్లో 20 నిమిషాల వ్యాయామం రెండు సార్లు. కొత్త ఉత్సాహంలో రోజూ వస్తామంటారు, ఒప్పుకోకూడదు. కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు చాలా ఎక్కువ కాలం పడుతుంది. పోల్‌లో తొలి గాయాలు చాలావరకు ఈ తేడాలోంచి వచ్చేవే.

మొదట నేర్పింది తోయడం, లాగడం. ఒక చేయి తలపై ఎత్తులో, మరో చేయి ఛాతీ కింద. పై చేయి కడ్డీని కిందికి లాగుతుంది, కింది చేయి దూరంగా తోస్తుంది. రెండూ ఒకేసారి జరిగితే శరీరం కడ్డీ నుంచి విడివడి తేలుతుంది. కొత్తవాళ్లు రెండు చేతులతోనూ లాగుతారు. అప్పుడు ఛాతీ కడ్డీకి అతుక్కుపోతుంది, మోచేతులు ముడుచుకుంటాయి, మొత్తం భారం వేళ్ల మీద పడుతుంది. పాదాలు నేలమీదే ఉంచి 10 శాతం బరువు, తర్వాత 30, తర్వాత సగం చేతుల మీదికి తెచ్చుకోమన్నాం. అసలు శాతాలు కొలవలేం, కానీ అలా చెబితే శరీరానికి అర్థమవుతుంది. మణికట్టును మెలితిప్పి పట్టే ట్విస్టెడ్ గ్రిప్ ఈ దశలో అసలు చూపించలేదు. భుజం, మోచేయి సిద్ధం కానివాళ్లకు అది గాయానికి దగ్గరి దారి.

ఆ వెంటనే దిగడం. పోల్ పక్కన 40 సెం.మీ. ఎత్తున్న గట్టి చెక్క బాక్సు పెట్టాం. ఆమె బాక్సు మీద నిలబడి కడ్డీని చేతులతో పట్టుకుంటారు. ఒక కాలి పాదాన్ని పైకి మడిచి, చీలమండ ముందు భాగం కడ్డీకి ఒక పక్క, అదే కాలి మోకాలు మరో పక్క వచ్చేలా అడ్డంగా ఆనిస్తారు. రెండో కాలి పిక్కతో వెనక నుంచి నొక్కుతారు. కడ్డీ ఇప్పుడు రెండు కాళ్ల మధ్య ఇరుక్కుంది. దీన్నే క్లాంప్ అంటున్నాం. అప్పుడు బాక్సు పక్కకు తీస్తాం. ఆమె చేసే పని ఒకటే: కాళ్ల బిగువు కొద్దికొద్దిగా వదులుతూ, చేతులు ఒకదాని కింద ఒకటి మార్చుకుంటూ నేలకు చేరడం. దూకకూడదు, చేతులు వదలకూడదు.

ఈ డ్రిల్‌తో ఎక్కే బలం లేకుండానే ఎక్కినప్పటి అనుభవం వస్తుంది. దించుకునే పనిలో కండరం లాగేటప్పటి కంటే ఎక్కువ బలం చూపగలదు కాబట్టి, లాగలేని మనిషి కూడా నెమ్మదిగా దించుకోగలదు. ఆ దించుకోవడమే తర్వాత లాగే బలంగా మారుతుంది. రెండో వారంలో "ఒక చేయి జారింది" అని మేము అనగానే ఆమె మోకాళ్లు బిగించి, ఉన్న చేతిని ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, జారుతూ దిగాలి. కుడి చేయి, ఎడమ చేయి, చెప్పకుండా మారుస్తూ. మూడో వారం చివర ఆ నాలుగో వాక్యానికి ఆమె తనంతట తానే 6 వేసుకున్నారు. అద్దం మార్కు మాత్రం 2 దగ్గరే ఉంది. ఆ వారం దాకా అద్దాలకు తెర వేసే ఉంచాం. కొత్తవాళ్లు అద్దంలో తమ పొట్టను చూస్తారు, చేతిని కాదు. చెయ్యి ఎక్కడుందో స్పర్శతో తెలిశాకే అద్దం పనికొస్తుంది.

ఇంటి వ్యాయామాలు ఇవి ("2 సార్లు 10" అంటే పదేసి చొప్పున రెండు విడతలు): గోడకు ఆని చేతులు పైకి కిందికి జరపడం 2 సార్లు 10, బ్యాండ్‌ను వెనక్కి లాగడం 3 సార్లు 12, వెల్లకిలా పడుకుని ఎదురెదురు చేయి కాలు చాపే డెడ్ బగ్ 3 సార్లు 8, మోకాళ్ల మధ్య దిండు నొక్కి 20 సెకన్లు 5 సార్లు, టేబుల్ పుషప్‌లు 3 సార్లు 6. చివర్లో ఒక బక్కెట్టులో ఐదారు కిలోల బియ్యం పోసి, చేతిని మణికట్టు దాకా దించి వేళ్లు పూర్తిగా విప్పడం నిమిషం. పట్టుకునే కండరాలకు క్లాసులో పని ఎక్కువే, వేళ్లు విప్పే కండరాలకు ఈ బియ్యమే పని చెబుతుంది. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఈమె కూడా వదిలేశారు, దాని ఫలితం ఐదో వారంలో కనిపించింది.

స్పిన్‌లు, మోచేతి నొప్పి

నాలుగో వారంలో ఫైర్‌మన్ స్పిన్. కడ్డీ కుడి పక్కన. కుడి చేయి తలకు పైన, ఎడమ చేయి గడ్డం ఎత్తులో. కుడి పాదం కడ్డీ మొదట్లో వేసి, ఎడమ కాలిని చుట్టూ వెడల్పుగా విసురుతూ, కుడి చేయి నిటారుగా ఉండగానే ఒంటిని కడ్డీకి దూరంగా వాల్చాలి. అప్పుడు నేల వదిలి, రెండు మోకాళ్లతో కడ్డీని ఇరువైపుల నుంచి పట్టి, పాదాలు వెనక్కి కలిపి తిరుగుతూ దిగాలి. తిరిగే శక్తి విసిరిన కాలి నుంచి, కడ్డీకీ ఒంటికీ మధ్య ఉన్న దూరం నుంచి వస్తుంది. ఎగరడం వల్ల రాదు. ఎగిరితే మోకాళ్లు కడ్డీకి తగిలి దెబ్బతింటాయి, భుజాలు ఒక్క కుదుపుతో చెవుల దాకా లేచిపోతాయి. కడ్డీని కౌగిలించుకుంటే సగం చుట్టు కూడా తిరగకుండా నిట్టనిలువుగా జారిపోతారు. ఈమె చేసింది ఈ రెండోది. సరిచేయడానికి స్పిన్ ఆపి, కడ్డీ చుట్టూ నడిపించాం. కుడి చేయి చాచి, బరువంతా ఆ చేతికి వేలాడేసి, పక్కకు వాలి నడవాలి. వాలడానికి మనసు ఒప్పుకున్నాక స్పిన్ దానంతట అదే వచ్చింది.

స్పిన్ వచ్చిన ఆనందంలో కుడి వైపే పదే పదే చేశారు. పైగా జారుతానేమో అన్న భయంతో కడ్డీని పిండేసినట్టు పట్టుకునేవారు. ఐదో వారంలో కుడి మోచేతి లోపలి ఎముక దగ్గర నొప్పి మొదలైంది, నీళ్ల బిందె ఎత్తినా లాగుతోందన్నారు. పోల్‌లో ఇది బాగా తెలిసిన నొప్పి. మణికట్టును, వేళ్లను ముడిచే కండరాల్లో చాలా ఆ ఎముకకే అతుక్కుని ఉంటాయి. ఒక వైపే చేసిన స్పిన్‌లు, అవసరానికి మించిన పట్టు, వదిలేసిన బియ్యం బక్కెట్టు, మూడూ కలిసి దాన్ని తెచ్చాయి.

పూర్తి విశ్రాంతి ఇవ్వలేదు, ఎందుకంటే టెండన్‌కు బరువు పూర్తిగా తీసేస్తే అది ఇంకా బలహీనపడుతుంది. పది రోజులు స్పిన్‌లు, వేలాడటం ఆపాం. టేబుల్ మీద ముంజేయి ఆనించి, అరచేయి పైకి పెట్టి, లీటరు నీళ్ల సీసాను కదలకుండా 40 సెకన్లు పట్టుకోవడం, రోజుకు 5 సార్లు. నొప్పి 10కి 3 దాటకపోతే, మర్నాడు పొద్దుటికి తగ్గిపోతే ఆ మోతాదు సరైనదే. తర్వాత అదే సీసాను నెమ్మదిగా కిందికి దించడం 3 సార్లు 12, అరచేయి కిందికి తిప్పి 2 సార్లు 15. చిటికెన వేలికి తిమ్మిరి వస్తే అది నరం మాట, అప్పుడు వ్యాయామం ఆపి డాక్టరును కలవాలని చెప్పాం. ఆమెకు రాలేదు. ఆ పది రోజుల క్లాసులు నేలమీది కదలికలతో, కాళ్ల క్లాంప్‌తో నడిపాం. ఏడో వారానికి మళ్లీ స్పిన్‌లు, ఈసారి నియమంతో: ముందు ఎడమ వైపు, అది ఎన్నిసార్లు వస్తే కుడి వైపు అన్నిసార్లే.

ఎక్కడం, కూర్చోవడం

ఏడో వారంలో మొదటి క్లైంబ్. అప్పటికే క్లాంప్ వచ్చు కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే: చేతులతో లాగకుండా కాళ్లతో లేచి నిలబడటం. క్లాంప్ పట్టాక మోకాళ్లు బిగించి, తుంటి ముందుకు తోసి నిలబడితే తల అడుగున్నర పైకి వెళుతుంది. చేతులు పైకి మారుతాయి. ఇప్పుడు చేతులకు వేలాడి, మోకాళ్లను ఛాతీ వైపు ఎత్తి, పైన మళ్లీ క్లాంప్ పట్టాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మోకాళ్లు బెత్తెడే లేస్తే ఎంతసేపు ఎక్కినా అక్కడే ఉంటారు, చేతులు అలిసిపోతాయి. ఈమెకూ అదే అడ్డం వచ్చింది. పొట్ట కండరాల పని అది. కుర్చీ అంచున కూర్చుని మోకాళ్లు ఛాతీకి లాగడం, పోల్ పట్టుకుని నిలబడి ఎగరకుండా రెండు పాదాలు ఒకేసారి ఎత్తి 2 సెకన్లు ఆపడం, ఈ రెంటితో రెండు వారాల్లో దాటారు.

పోల్ సిట్ నొప్పి పెడుతుంది. దీన్ని తీపి మాటలతో కప్పకూడదు. కడ్డీ తొడల పైభాగంలో, లోపలి మెత్తటి చర్మం మధ్య ఉంటుంది, ఒక తొడ మరో తొడ మీదికి అడ్డంగా వేసి నొక్కి, వీపు కొంచెం వెనక్కి వాల్చాలి. కడ్డీ మోకాళ్ల వైపు జారేకొద్దీ నొప్పి పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. కొత్తవాళ్లు భయంతో తొడలు వదులు చేస్తారు, అందుకే జారుతూ చర్మాన్ని ఇంకా గీసుకుంటారు. గట్టిగా నొక్కడమే తక్కువ నొప్పి. మొదట నేలకు అడుగు ఎత్తులో 5 సెకన్లు, క్లాసుకు 4 సార్లు మించకుండా. చర్మం, దాని కింది నరాలు మూడు నాలుగు వారాల్లో అలవాటు పడతాయి. కమిలిన మచ్చలు తొడ లోపల, పాదం మీద, పిక్క మీద మామూలే, వారంలో పసుపు రంగుకు తిరిగి, దాదాపు రెండు వారాల్లో మాసిపోతాయి. కడ్డీ తాకని చోట మచ్చలు కనిపిస్తే రక్తపరీక్ష చేయించుకోమని చెప్పాలి. మచ్చ మీద మళ్లీ అదే రోజు పని చేయించకూడదు.

షార్ట్స్ వేసుకున్నది ఈ దశలోనే. ఎవరూ ధైర్యం నూరిపోయలేదు. పోల్ సిట్ కావాలనుకున్నారు, లెగ్గింగ్స్‌తో జారుతోందని తానే చూశారు. బట్ట విషయంలో సిగ్గును వాదించి తీసేయలేం, దానికి పని చెబితే పక్కకు తప్పుకుంటుంది. రెండు నియమాలు మాత్రం మొదటి రోజు నుంచీ కదలలేదు: పట్టుకుని సాయం చేసేముందు "నడుము దగ్గర పట్టుకుంటున్నాను, సరేనా?" అని ప్రతిసారీ అడగడం, వీడియో ఎప్పుడూ విద్యార్థిని ఫోన్‌లోనే తీయడం. ఆ వీడియో ఎవరికి చూపాలో ఆమె ఇష్టం. ఈమె ఎనిమిదో వారంలో భర్తకు చూపించారు, అత్తగారింట్లో "జిమ్‌కు వెళుతున్నా" అనే చెబుతున్నారు. దాన్ని పిరికితనం అనుకోవడం అన్యాయం. తన శరీరం గురించి ఎవరితో మాట్లాడాలో నిర్ణయించుకోవడం కూడా ధైర్యంలో భాగమే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. "ఇది ఫిట్‌నెస్ మాత్రమే, ఆ డ్యాన్స్ కాదు" అని విద్యార్థినులకు నచ్చజెప్పే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఈ రోజు నేర్పే స్పిన్‌లు, నేలమీది కదలికలు చాలావరకు స్ట్రిప్ క్లబ్బుల్లో పనిచేసిన డ్యాన్సర్లు తమ శ్రమతో రూపొందించినవి. వాళ్లను తక్కువ చేసి మన గౌరవం కాపాడుకోనక్కర్లేదు. ఈమెకు నచ్చినవి నెమ్మదైన నడకలు, నేలమీది మలుపులు. కూచిపూడి వదిలిన పాతికేళ్లకు నడుములో లయ మిగిలే ఉంది. పదో వారంలో తెర తీసిన అద్దం ముందు నిమిషంన్నర పాటు ఆగకుండా చేశారు: నడక, డిప్, ఫైర్‌మన్, నేల, లేచి ఒక క్లైంబ్, జారుతూ దిగడం.

12వ వారం కొలతలు

భుజాలు దించి వేలాడటం 4 నుంచి 24 సెకన్లు. టేబుల్ పుషప్‌లు 9 నుంచి 18, నేలమీద మోకాళ్లు ఆనించి 7. ప్లాంక్ 55 సెకన్లు. గోడ పరీక్షలో బొటనవేళ్లు గోడను తాకాయి. స్పిన్‌లు మూడు, రెండు వైపులా. వరుసగా రెండు క్లైంబ్‌లు, చేతులు వదలకుండా 12 సెకన్ల పోల్ సిట్. బరువు 70 కిలోలు, అంటే దాదాపు మారలేదు. మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఈ అంకె నేరుగా జవాబు చెబుతుంది కాబట్టి దాన్ని ప్రత్యేకంగా చూపించాం: మోసింది అదే బరువును. వాక్యాల మార్కులు: అద్దం 6, షార్ట్స్ 7, చేతుల బలం 7, పట్టు జారితే 9.

ఎడమ వైపు ఇంకా వెనకే ఉంది, ఎడమ క్లాంప్‌తో ఒక్క క్లైంబే వస్తోంది. కుడి మోచేయి ఎక్కువ స్పిన్‌లు చేసిన మర్నాడు కొంచెం గుర్తు చేస్తోంది, సీసా వ్యాయామం వారానికి మూడు రోజులు కొనసాగుతోంది.

తలకిందుల ఇన్‌వర్ట్ అడుగుతున్నారు, ఇంకా ఇవ్వలేదు. దానికి పెట్టిన షరతులు: నిలబడి, ఎగరకుండా, రెండు మోకాళ్లూ ఛాతీ ఎత్తుకు తెచ్చి 3 సెకన్లు ఆపడం, రెండు వైపులా వరుసగా 5 సార్లు. భుజాలు దించి 30 సెకన్లు వేలాడటం. మ్యాట్ మీద పడుకుని, పోల్ అడుగు భాగాన్ని తల వెనక పట్టుకుని, తుంటి నెమ్మదిగా ఎత్తి, 5 సెకన్లలో కుదుపు లేకుండా దించడం. కాళ్లు విసిరి తలకిందులయ్యేవాళ్లు ఎలాగో పైకి పోతారు కానీ, ఆ విసురును పైన ఆపలేరు. మెడ మీద పడే ప్రమాదాలు అలాగే జరుగుతాయి. మొదటి షరతులో ఆమె ఇప్పుడు కుడి వైపు 3 సార్లు, ఎడమ వైపు ఒకసారి చేయగలుగుతున్నారు. వచ్చే ఎనిమిది వారాల క్లాసుల్లో మొదటి పావుగంట దానికే కేటాయించాం, ఎడమ వైపుతో మొదలుపెట్టి.